ఆశ్చర్యపడటం ఎప్పుడు మానేశాం?

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ వంటి వాటిలో ఖాతాలు ఉండటానికి వీల్లేదు. ఆ చట్టం పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ శిక్షించదు. పిల్లలను ఆపడానికి తగిన చర్యలు తీసుకోని కంపెనీలకే జరిమానా. అది 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల దాకా ఉండవచ్చు. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పటికే ఈ చట్టం కింద ఉన్నారు. ఇలాంటిది మన దగ్గర కూడా రావాలా వద్దా అన్న చర్చ ఇక్కడా నడుస్తోంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఏదో ఒక అదుపు అవసరమే. 2025 జనవరిలో విడుదలైన అసర్ నివేదిక మన దేశపు గ్రామీణ ప్రాంతాల సంగతి చెప్పింది. 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో అంతకుముందు వారంలో చదువు కోసం ఫోన్ పట్టుకున్నవారు 57 శాతమైతే, సోషల్ మీడియా కోసం పట్టుకున్నవారు 76 శాతం. ఇది పట్నాల్లోని డబ్బున్న ఇళ్ళ గొడవ కాదు. మన పల్లె సంఘాల్లో ఆదివారం బడికి వచ్చే పిల్లల సంగతే.

అయితే ఈ చర్చలో అందరూ గంటలు లెక్కపెడుతున్నారు. రోజుకు రెండు గంటలా, నాలుగు గంటలా? నిద్ర ఎంత పోయింది, మార్కులు ఎంత తగ్గాయి? అవి లెక్కపెట్టవలసినవే. లెక్కకు రానిది మరొకటుంది. గోడవెంట పాకే చీమల బారును చూస్తూ కదలకుండా కూర్చోగల శక్తి పిల్లలకు పుట్టుకతో వస్తుంది. వాన వెలిశాక గుంటలో ఆకాశం కనిపిస్తే దాని చుట్టూ తిరిగి తిరిగి చూస్తారు. ప్రతి ముప్పై సెకన్లకూ కొత్త బొమ్మ చూపించే తెరకు అలవాటుపడిన కంటికి చీమల బారు ఏమాత్రం ఆనదు. ఫోన్ పిల్లల దగ్గర్నుంచి సమయాన్ని తీసుకుంటోందని మనం అంటున్నాం. ఆశ్చర్యపడే గుణాన్ని కూడా తీసుకుంటోంది.

చిన్నపిల్లలవంటివారు కాకపోతే పరలోకరాజ్యంలో ప్రవేశించలేరని ప్రభువు చెప్పినది (మత్తయి 18:3) మనకు కంఠతా వచ్చు. పిల్లలను చూపించి ఆయన ఆ మాట చెప్పింది పెద్దలకు. ఫోన్ సంగతి వచ్చేసరికి మనం దాన్ని తిరగేసి, పిల్లలనే బోనులో నిలబెట్టి పెద్దవాళ్ళం తీర్పు చెబుతున్నాం.

ఆదివారం ఆరాధనలో వెనక వరుసలో కూర్చుని చూడండి. బైబిలు ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఫోన్ చేతిలో ఉంటుంది. కీర్తన మొదటి చరణం అయ్యేలోగా పైనుంచి ఒక సందేశం జారుతుంది. వేలు అటు పోతుంది. బాప్తిస్మం ఇస్తుంటే నీళ్ళలోంచి లేచే మనిషి ముఖం చూడవలసిన క్షణంలో అందరి చేతులూ పైకి లేస్తాయి, స్తుతించడానికి కాదు, వీడియో తీయడానికి. పక్కన కూర్చున్న ఆరేళ్ళ బిడ్డ ఇదంతా చూస్తూనే ఉంటుంది. మేం తెరలకు విరోధులం కాము. ఈ సంపాదకీయాన్నే మీలో చాలామంది ఫోన్‌లో చదువుతున్నారు, అది మాకు సంతోషమే. కానీ పిల్లలు ఈ అలవాటు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, సంఘం వైపు కూడా ఒక వేలు చూపించక తప్పదు.

మరో సంగతి ఇంకా లోతైనది. మన భాషలో, మన సంఘాల్లో ‘అద్భుతం’ అనే మాటకు ఏం జరిగిందో గమనించారా? ఊరి మధ్య గోడమీద పోస్టరు ఉంటుంది: అద్భుతాలు, స్వస్థతలు, విడుదల. కింద దైవజనుడి ఫోటో, దేవుని పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. సాక్ష్యానికి లేచినవారు చెప్పే అద్భుతం వీసా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇంటిస్థలం కేసు గెలిచాం. వీటికి దేవునికి కృతజ్ఞతలు చెప్పడంలో తప్పులేదు, చెప్పాలి కూడా. చిక్కంతా అద్భుతం అనే మాట వీటికే అంటుకుపోవడంలో ఉంది. వీసా రాని ఏడాది మరి దేవుడు ఏమీ చేయనట్టేనా? పొద్దున మెలకువ రావడం, ఎండిన గింజ మొలకెత్తడం, పాపి అయిన మనిషిని దేవుడు క్షమించడం ఇవన్నీ మామూలు సంగతుల జాబితాలోకి వెళ్ళిపోయాయి. ప్రతి డిసెంబరులో యెషయా 9:6లోని ‘ఆశ్చర్యకరుడు’ అనే పేరును రంగురంగుల దీపాలతో రాసి చర్చి ముందు వేలాడదీస్తాం. ఆయన ఇచ్చేవాటికి ఆశ్చర్యపడటం మిగిలింది గానీ, ఆయన్ని చూసి ఆశ్చర్యపడటం తగ్గిపోయింది.

ఈ లోటు ఉన్నచోటే అద్భుతాల వ్యాపారం పుడుతుంది. మామూలు రొట్టెలో, మామూలు వాక్యంలో, మామూలు ఆదివారంలో దేవుడు కనిపించని మనిషికి ఎప్పుడూ మరింత పెద్దది కావాలి. పోయిన నెల సభలో చూసినదానికంటే పెద్దది ఈ నెల చూపించాలి. చూపించేవాడు దొరుకుతాడు, నూనె సీసా ధర కూడా చెబుతాడు. అప్పుచేసి ఆ సీసా కొన్నవారు, ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజుల్లో సభలచుట్టూ తిరిగినవారు మన సంఘాల్లో ఉన్నారని మనందరికీ తెలుసు. పసిమనసు ఉండాలంటే ఏది చెప్పినా నమ్మాలని కొందరు బోధిస్తారు. అది నిజం కాదు. బుద్ధి విషయంలో పసిపిల్లలు కావద్దు, దుష్టత్వం విషయంలో మాత్రమే శిశువులుగా ఉండమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీ 14:20). పైగా పసిపిల్లలు ఏది చెప్పినా నమ్మే రకం కానే కారు. ఇంట్లో నాలుగేళ్ళ బిడ్డ ఉన్నవారిని అడగండి. ఎందుకు, ఎలా, మరి అప్పుడు ఏమయింది అని పొద్దుపోయేదాకా ప్రాణం తీస్తారు.

ఈ విషయంలో మత్తయి 21వ అధ్యాయంలో ఒక దృశ్యం ఉంది. మట్టల ఆదివారం దాన్ని చదువుతాం గానీ సగంలో ఆపేస్తాం. యేసు దేవాలయంలోని వ్యాపారులను వెళ్ళగొట్టాక గుడ్డివారూ కుంటివారూ అక్కడే ఆయన దగ్గరికి వచ్చారు, ఆయన వారిని బాగుచేశాడు. పిల్లలు హోసన్నా అని కేకలు వేస్తున్నారు. ప్రధానయాజకులూ శాస్త్రులూ ఆయన చేసిన ఆశ్చర్యకార్యాలను చూశారని మత్తయి స్పష్టంగా రాశాడు (21:15). అంటే వాళ్ళు చూడక కాదు. పిల్లలు చూసిందే వాళ్ళూ చూశారు. పిల్లలు కేక వేశారు, వాళ్ళు మండిపడ్డారు. బల్లలు ఇంకా తిరగబడే ఉన్నాయి, డబ్బులు నేలమీద ఉన్నాయి, వాళ్ళ మనసు అక్కడుంది.

సువార్తల్లో ఇంకోచోట కూడా పిల్లల విషయంలో కోపం వస్తుంది. తల్లులు బిడ్డలను తెస్తే శిష్యులు గద్దించారు, అది చూసి యేసుకు కోపం వచ్చింది (మార్కు 10:14). గ్రీకు మూలంలో ఈ రెండు చోట్లా వాడింది ఒకే క్రియ. పిల్లల నోరు మూయించాలని యాజకులకు కోపం, పిల్లలను ఆపినందుకు యేసుకు కోపం. ఆదివారం చర్చిలో ఒక బిడ్డ గట్టిగా ఏదో అడిగినప్పుడు మన ముఖంలో కనిపించే చిరాకు ఈ రెంటిలో దేనికి దగ్గరో పెద్దలు ఎవరికివారు చూసుకోవాలి.

ఆ యాజకులకు జవాబుగా యేసు ఎత్తి చూపింది 8వ కీర్తన. శిశువుల నోట, చంటిపిల్లల నోట దేవుడు తన స్తోత్రాన్ని స్థాపించాడన్న మాట అందులోది. ఆ కీర్తన అక్కడితో ఆగదు. వెంటనే దావీదు తల పైకెత్తి చంద్రుణ్ణీ నక్షత్రాలనూ చూస్తాడు. ఇంత ఆకాశాన్ని చేసినవాడు మనిషిని జ్ఞాపకం చేసుకోవడమేమిటని అడుగుతాడు. గొర్రెలు కాసినవాడికి రాత్రి ఆకాశం కొత్త కాదు. చిన్నప్పట్నుంచీ చూసిందే. అయినా అడిగాడు.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరలో దిగింది. అది బయలుదేరింది మన శ్రీహరికోట నుంచే, జూలై 14న. ఆ సాయంత్రం టీవీల ముందు పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తెరమీద ఉన్నదల్లా ఒక గీత, కొన్ని అంకెలు. అయినా కదలలేదు. కాబట్టి తెర ఉన్నంతమాత్రాన ఆశ్చర్యం చచ్చిపోదు. ఆ తర్వాతి ఆదివారం ఎన్ని సంఘాల్లో 8వ కీర్తన చదివారు? కొన్నిచోట్ల చదివారేమో. విజ్ఞానశాస్త్రం అనగానే విశ్వాసానికి పోటీగా చూసే అలవాటు మనలో కొంత ఉంది. 1968 డిసెంబర్ 24న మనుషులతో చంద్రుడి చుట్టూ మొదటిసారి తిరిగిన అపోలో 8 నౌకలోంచి బోర్మన్, లోవెల్, ఆండర్స్ అనే ముగ్గురు వ్యోమగాములు కోట్లమంది వింటుండగా చదివింది ఆదికాండం మొదటి అధ్యాయంలోని మొదటి పది వచనాలు. అంత దూరం వెళ్ళి ఆ దృశ్యం చూశాక చదవడానికి వాళ్ళ దగ్గర ఉన్నవి ఆ వచనాలు. ముగ్గురూ 2023 నుంచి 2025 మధ్య కన్నుమూశారు. చంద్రుడిమీద దిగిన యంత్రం కథ వినడానికి చెవులు నిక్కించుకున్న పిల్లవాడికి, ఆ చంద్రుణ్ణి చేసినవాడి గురించి చెప్పడానికి అంతకంటే మంచి రోజు మనకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది?

నజరేతువాళ్ళ సంగతి వేరు. వారికి యేసు ఎదురింటి అబ్బాయి. వీడు వడ్రంగి కాడా, వీడి తల్లి మనకు తెలియదా అన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. వారి అవిశ్వాసానికి యేసే ఆశ్చర్యపడ్డాడని మార్కు రాశాడు (6:6). ఆయన ఆశ్చర్యపడినట్టు సువార్తలు చెప్పేది రెండు సందర్భాల్లోనే. ఒకటి రోమా శతాధిపతి విశ్వాసం చూసి, రెండోది సొంత ఊరివాళ్ళ అవిశ్వాసం చూసి. బయటివాడికి కనిపించింది ఇంటివారికి కనిపించలేదు.

మూడు నాలుగు తరాలుగా క్రైస్తవులమైన మనం ఇప్పుడు ఇంటివారం. మన తాతముత్తాతలు బయటినుంచి వచ్చినవారు. 1876 నుంచి 78 దాకా నడిచిన గొప్ప కరవు గడిచాక, 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. కరవు సహాయంగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పనిని మిషనరీ జాన్ క్లౌ ఒప్పందానికి తీసుకుని వారికి కూలి ఇప్పించాడు. ఆ సహాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. సహాయం అయిపోయాక, ఇక అతని దగ్గర ఇవ్వడానికి కూలి లేనప్పుడు వాళ్ళు వచ్చారు.

వాళ్ళు ఏం చూసి వచ్చారో ఒక్కసారి ఆలోచించండి. ఊరి బావి దగ్గరికి రానివ్వని, గుడి మెట్టు తాకనివ్వని, నీడ పడితే మైల అన్న లోకంలో పుట్టినవారు. మీరు దేవుని పిల్లలు అన్న మాట వారి చెవిన పడింది. ఆ మాటను మనం నిన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆవలిస్తూ పలికి ఉంటాం. మాట అదే. ఆవలింత మనది. కులం పేరుతో నేటికీ అవమానాలు పడుతున్న విశ్వాసికి ఆ మాట ఇప్పటికీ కొత్తగానే వినబడుతుంది. సమాధులు కూడా కులం ప్రకారం విడదీసుకున్న సంఘాల్లో అది వినబడటం మానేసింది. దీనికి ఫోన్లు కారణం కాదు.

ఆశ్చర్యం అంటే ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండటమని మేం అనడంలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్ళి సృష్టి అందాల గురించి మాట్లాడేవాడు మూర్ఖుడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపే మంచివారు. కానీ అదే యోబుకు చివరికి దేవుడు ఇచ్చిన జవాబు చదివినప్పుడల్లా మేం ఆగిపోతాం. కారణం చెప్పలేదు. మంచు గిడ్డంగులు, అడవి గాడిద, గుడ్లను ఇసుకలో వదిలేసే నిప్పుకోడి, ఈనే కొండమేకలు, వీటిని చూపించాడు. బూడిదలో కూర్చున్న మనిషిని చెయ్యి పట్టుకుని లోకమంతా తిప్పినట్టుంది. యోబు దానితో ఊరట పొందాడు. ఎందుకో మేం పూర్తిగా వివరించలేం. కానీ ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చుని, తెల్లవారుతూనే చెట్టుమీద పిట్ట కూత విని ఏడ్చినవారికి ఇది కొంత తెలుసు.

సంఘాలు ఏం చేయవచ్చు? పెద్ద పథకాలు వద్దు. మెదక్ కతీడ్రల్‌కు పిల్లలను తీసుకెళ్ళినవారికి ఒక సంగతి తెలుసు. కరవులో ఆకలిగొన్నవారికి పని కల్పిస్తూ చార్లెస్ పోస్నెట్ పదేళ్ళు కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. నూరేళ్ళు నిండాయి. అందులోని రంగుటద్దాల కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం ఉన్నాయి. పగటి వెలుగు బయటినుంచి పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దు గుంకితే అద్దం నల్లబడిపోతుంది. లోపలికి అడుగుపెట్టిన పిల్లలు అరుస్తారు, తర్వాత వాళ్ళంతట వాళ్ళే నోరు మూసుకుని పైకి చూస్తారు. ఎవరూ ‘ష్’ అనక్కర్లేదు. అందరికీ అంత మందిరం ఉండదు, అక్కర్లేదు కూడా. రేకుల షెడ్డులో ఆరాధించే సంఘానికి కూడా బయట వేపచెట్టు ఉంటుంది. నెలకొక ఆదివారం ప్రొజెక్టరు ఆపి, ఫోన్లు బుట్టలో పెట్టి, పాటలు చూడకుండా పాడితే రెండో చరణం మరచిపోతాం. మరచిపోదాం. సాక్ష్యాల సమయంలో వీసాతోపాటు, ఈ వారం మీరు చూసిన ఒక చిన్న సంగతి చెప్పమని కాపరి అడగవచ్చు. మొదటివారం ఎవరూ లేవరు. ముసలమ్మ ఎవరో రెండోవారం లేస్తుంది.

ఇంకొన్ని వారాల్లో ఎండలు ముదిరి బడులకు సెలవులిస్తారు, వి.బి.ఎస్.లు మొదలవుతాయి. టోపీలు, బ్యాడ్జీలు, పాటల సీడీలు, ఇప్పుడు పెన్‌డ్రైవులు, రోజుకో కంఠత వాక్యం, చివరిరోజు బహుమతులు. ఉపాధ్యాయులు జీతం లేకుండా, ఎండలో, సొంత డబ్బుతో బిస్కెట్లు కొని చేసే ఈ సేవను తక్కువచేసి మాట్లాడే హక్కు మాకు లేదు. గత వేసవిలో ఒక పల్లె సంఘం వి.బి.ఎస్.లో యోనా కథ చెబుతుండగా వెనకనుంచి ఒక పాప లేచి, చేప కడుపులో చీకటిగా ఉంటుంది కదా, యోనాకు భయం వేయలేదా అని అడిగింది. మధ్యాహ్నం దాటింది, కార్యక్రమం వెనకబడి ఉంది. తర్వాత అడుగుదువుగానీ కూర్చో, ముందు కంఠత వాక్యం చెప్పు అంది టీచరు. పాప చెప్పింది, తప్పులేకుండా.

ఆ రాత్రి ఆ టీచరుకు నిద్రపట్టక యోనా రెండో అధ్యాయం తీసి చదివిందట. పదిహేనేళ్ళుగా ఆ కథ చెబుతోంది గానీ, ఆ అధ్యాయం మొత్తం యోనా చేప కడుపులోంచి చేసిన ప్రార్థనే అన్నదీ, సముద్రపు నాచు తన తలకు చుట్టుకుందని అతను అందులో చెప్పుకున్నాడన్నదీ ఎప్పుడూ నిలిచి చూడలేదు. మరునాడు పొద్దున వెళ్ళీ వెళ్ళగానే ఆ పాపను పిలిచి, భయం వేసిందమ్మా, ఇదిగో ఇక్కడ రాసి ఉంది అని చూపించింది. నాచు అంటే ఏమిటని పాప అడిగింది. వాక్యం పక్కనపెట్టి ఇద్దరూ ఊరి చెరువుకు వెళ్ళారు, వెనకే తక్కిన పిల్లలంతా.